పొలం బాట మూసేస్తే ఏం చేయాలి: కంచె కనిపించిన రోజు నుంచి కాగితం చేతికొచ్చేదాకా

ఏటా రెండుసార్లు మా ఆఫీసు ముందు మోటార్ సైకిళ్లు ఎక్కువగా ఆగుతాయి. మిరుగు చల్లబడి దుక్కులు మొదలైనప్పుడు ఒకసారి, యాసంగి వరి కోతలప్పుడు ఇంకోసారి. వచ్చినవాళ్లు చెప్పే మాట ఒక్కటే: "సారూ, బాట బంద్ చేసిండ్రు." పక్క చెలక ఎవరో కొన్నారు, నాలుగు దిక్కులా కడీలు పాతి వైరు గుంజారు, తాతల నాటి నుంచి బండ్లు నడిచిన బాట ఆ వైరు లోపలికి పోయింది. లోపల పంట కోతకొచ్చి ఉంది, బయట కోత మిషన్ గంటకింత అని లెక్కబెడుతూ నిలబడి ఉంది.

నేను హన్మకొండ, వరంగల్ కోర్టుల్లో సివిల్ కేసులు చూసే వకీలును. పుట్టింది పర్వతగిరి వైపు ఊళ్లో. మా సొంత చెలక బాట మీద మా ఇంట్లోనే ఏండ్ల తరబడి పంచాయితీ నడిచింది, అందులో మేము ఓడిపోయాం. ఎందుకు ఓడిపోయామో ముందుకు చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు ఇప్పటికీ ఊరూరా జరుగుతోంది. ఇక్కడ రాస్తున్నది మీరు వరసగా చేసుకుంటూ పోవాల్సిన పని.

మొదటి రోజు: వైరు తెంపకండి

కోపం రావడం సహజం. కానీ ఈజ్‌మెంట్ల చట్టం, అంటే పక్కవాళ్ల భూమి మీద మనకుండే దారిలాంటి వాడక హక్కుల చట్టం, ఈ విషయంలో చాలా సూటిగా ఉంది. 1882 నాటి ఆ చట్టం సెక్షన్ 36 ప్రకారం, దారి హక్కు ఉన్న మనిషి కూడా అడ్డును తన చేత్తో తానే తీసేయడానికి వీల్లేదు. హక్కు మీదే కావచ్చు, అడ్డం అక్రమమే కావచ్చు. అయినా తీయించాల్సింది కోర్టు లేదా మేజిస్ట్రేట్. ఎడ్లు తోలుకుని పోయి రెండు కడీలు పడగొట్టారంటే, ఆ సాయంత్రానికి పోలీస్ స్టేషన్లో మీ మీద ఆస్తి నష్టం కేసు, దౌర్జన్యం కేసు. అప్పటిదాకా ఫిర్యాదు చేయాల్సిన మీరు ఆ రోజు నుంచి జవాబు చెప్పుకునే మనిషి అవుతారు.

కడీలు ముట్టుకోకుండా ఫోన్ బయటికి తీయండి. లొకేషన్ ఆన్ చేసి, రోడ్డు దగ్గర మొదలుపెట్టి మీ గెట్టు దాకా ఒకే వీడియో తీయండి, మధ్యలో ఆపకుండా. కరెంటు పోలు, తుమ్మ చెట్టు, పాత మోట బాయి, పెద్ద బండ లాంటి గుర్తులు అందులో పడాలి. నేల మీది టైరు జాడలు దగ్గరి నుంచి తీయండి. రెండు జాడల నడుమ గడ్డి మొలిచి, జాడల మీద నేల నున్నగా ఉంటే, అక్కడ బండ్లు ఎన్నేండ్లుగా నడుస్తున్నాయో ఆ ఫొటోయే చెబుతుంది. తీసిన ఫైలు అదే ఫోన్లో ఉంచండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ ఒక్కటే మిగిలితే కోర్టులో ఇబ్బంది. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, దానికి అసలు ఫైలు, అసలు ఫోను చేతిలో ఉంటేనే పని సులువు.

ఇది ఆ రోజే ఎందుకు చేయాలంటే, రెండో రాత్రి ట్రాక్టరు వస్తుంది. రోటవేటర్ తిప్పి, పైన పత్తి గింజలు పెడితే, ఒక్క మంచి వాన పడ్డాక అక్కడ బాట ఉండేదంటే ఎవరూ నమ్మరు. ఒక కేసులో సరిగ్గా ఇట్లాగే జరిగింది. స్థలం చూసి రిపోర్టు ఇవ్వమని కోర్టు పంపిన వకీలు (అడ్వొకేట్ కమిషనర్), సర్వేయరు పోయి చూస్తే చెలకంతా ఒకే తీరుగా దున్ని ఉంది. మా కక్షిదారు అక్కడే ఒక గడ్డపార తెప్పించాడు. చెలక నడుమ పొడిస్తే గడ్డపార సగం దాకా దిగింది. బాట ఉండేదని చెప్పిన చోట పొడిస్తే నాలుగు అంగుళాలు మెత్తగా పోయి టక్కున ఆగింది. రోటవేటర్ పై మట్టినే కదిలిస్తుంది, దాని కింద బండ్లు తొక్కి తొక్కి బిగిసిన నేల అట్లాగే ఉంటుంది. సర్వేయరు ఆ గట్టి పట్టీ వెంట పది పన్నెండు చోట్ల పొడిపించి, కొలిచి, స్కెచ్ మీద గీతలు గీశాడు. ఆ గీతలు గ్రామ నక్షాలోని, అంటే ఊరి సర్వే మ్యాపులోని, చుక్కల గీత మీద సరిగ్గా పడ్డాయి.

అదే వారంలో తహసీల్దారుకు, పోలీస్ స్టేషన్‌కు ఒక్కో దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు కాపీ తీసుకోండి. పోలీసులు ఇది సివిల్ తగువు అంటారు, అది నిజమే. అయినా ఫలానా తేదీన అడ్డం పెట్టారని మీరు చెప్పిన కాగితం ప్రభుత్వ ఫైల్లో ఉండడం తర్వాత చాలా పనికొస్తుంది. దరఖాస్తులో "నా భూమిని ఆక్రమించారు" అని రాయకండి. బాట నేల పక్కాయనదే, దాని మీద నడిచే హక్కు నాది అన్నదే మీ మాట. ఈ రెండూ కలిపేస్తే ముందుకు పోయాక కేసు చిక్కుపడుతుంది.

అసలు ప్రశ్న: ఈ బాట ఎట్ల పుట్టింది?

నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగేది ఇదే. బాట ఎంత పొడుగు, ఎవరు మూసిండ్రు అన్నవి తర్వాత. బాట పుట్టుకను బట్టే ఏ ఆఫీసుకు పోవాలి, ఏ కాగితం కావాలి, ఎన్నాళ్ల టైముంది అన్నవి తేలుతాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని నిదానంగా తేల్చుకోండి.

ఒకటి, నక్షా బాట. నిజాం కాలపు సర్వేలో గీసిన గ్రామ నక్షాలో బండ్ల బాటలు, కాలిబాటలు గీతలతో చూపించి ఉంటాయి. మీ బాట అందులో ఉంటే మీ పని సగం అయినట్టే. అది ఒక్కరి ఇష్టంతో మూసేసే బాట కాదు, ఊరందరిదీ. ఇట్లాంటి బాట కోసం ఒక్కరే కొట్లాడకుండా, ఆ బాట మీద ఆధారపడ్డ రైతులందరూ కలిసి సంతకాలు పెట్టండి. ఇంకో ముఖ్యమైన మాట. ఊరి ఉమ్మడి బాటను కులం చూసి ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మూసేస్తే అది బాట తగువు స్థాయి దాటి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమవుతుంది. అప్పుడు సివిల్ తగువు అని పోలీసులు తోసిపుచ్చడానికి లేదు.

రెండు, పంపకాల్లో పుట్టిన బాట. తండ్రికి రోడ్డు పక్కన నాలుగెకరాలు. ఇద్దరు కొడుకులు పంచుకున్నారు. పెద్దాయనకు రోడ్డు వైపు ముక్క, చిన్నాయనకు వెనక ముక్క. చిన్నాయనకు వేరే దారే లేకపోతే, అన్న ముక్కలోంచి పోయే హక్కు చట్టమే ఇస్తుంది. దీన్ని అవసరం కొద్దీ వచ్చే ఈజ్‌మెంట్ అంటారు, సెక్షన్ 13. ఒక్కరి భూమిని రెండుగా చేసి అమ్మినప్పుడూ ఇదే వర్తిస్తుంది. కానీ రెండు షరతులున్నాయి. ఆ రెండు భూములూ ఒకప్పుడు ఒక్కరి చేతిలో ఉండి ఉండాలి. ఎన్నడూ కలిసి లేని పక్కోళ్ల భూమి మీద "నాకు దారి లేదు కాబట్టి ఇవ్వాల్సిందే" అంటే ఈ సెక్షన్ పనిచేయదు. రెండోది, నిజంగానే వేరే దారి ఉండకూడదు. చుట్టూ తిరిగి పోయే బాట ఒకటి ఉంటే, అది ఎంత దూరమైనా, "ఇది దగ్గర" అన్న కారణం చాలదు. రేపు మీకు ఇంకో వైపు రోడ్డు దొరికితే ఈ హక్కు అక్కడితో ఆగిపోతుంది కూడా. కాబట్టి ఈ దారి మీద బతుకుతున్నవాళ్లు అవతలి వైపు రోడ్డు మీది గుంటలు కొనేముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

మూడు, ఇరవై ఏండ్ల వాడకం. ఎక్కువ కేసులు ఇవే. పక్కాయన భూమిలోంచి 20 ఏండ్లు ఆగకుండా, బహిరంగంగా, గొడవ లేకుండా, హక్కుగా నడిచి ఉంటే ఆ నడకే హక్కుగా మారుతుంది. ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 15లోనూ, 1963 కాలపరిమితి చట్టం సెక్షన్ 25లోనూ ఈ లెక్కే ఉంది. ఆ భూమి ప్రభుత్వానిదైతే 30 ఏండ్లు కావాలి. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాల్వ గట్టు మీద నడిచేవాళ్లు, చెరువు శిఖంలోంచి (నీళ్లు నిలిచే నేలలోంచి) పోయేవాళ్లు ఈ 30 గుర్తుపెట్టుకోవాలి.

ఇందులో "హక్కుగా" అన్న మాట మీదే కేసులు గెలుస్తాయి, పోతాయి. అడిగి నడిస్తే అది హక్కు కాదు, అనుమతి. అనుమతి మీద 50 ఏండ్లు నడిచినా అనుమతిగానే ఉంటుంది, ఇచ్చినాయన ఎప్పుడైనా వద్దనొచ్చు. అదే నాలుగో రకం. పత్తి ఏరేటప్పుడు, కోతలప్పుడు "కాకా, ఈ ఒక్కసారి బండి పోనీయవా" అని అడిగి పోయే బాటలు ఊళ్లో చాలా ఉంటాయి. మీది అదే అయితే, నిజాయితీగా ఒప్పుకుని నేరుగా కొనుగోలు సంగతి కింద చెప్పిన దగ్గరికి పోండి. లేని హక్కు కోసం కోర్టు మెట్లెక్కి నాలుగేండ్లు పోగొట్టుకోవద్దు.

అయిదోది రాత మీద వచ్చిన బాట: పాత అమ్మకం దస్తావేజులోనో, పంపకం కాగితంలోనో "ఈ భూమికి పడమటి గెట్టు వెంట బాట ఉంది" అని రాసి రిజిస్ట్రేషన్ అయి ఉండడం. ఇది ఉంటే మిగతావాటి జోలికి పోనక్కరలేదు.

ఇంకో చిన్న విషయం, పెద్ద నష్టం చేసేది. ఒక రకం దారి హక్కులో ఇంకో రకం దారి హక్కు కలిసి ఉండదని సెక్షన్ 28 చెబుతుంది. ఇరవై ఏండ్లుగా మనుషులు, గొడ్లు నడిచిన కాలిబాట మీద "ట్రాక్టరు పోనివ్వాలి" అని అడిగితే పక్కాయన కాదనొచ్చు. బాట కింద పైపులైను వేయడం కూడా వేరే హక్కే. కాబట్టి ఇన్నేండ్లలో అక్కడ ఏమేం నడిచాయో విడివిడిగా రాసుకోండి: ఎడ్ల బండి ఎప్పటి నుంచి, ట్రాక్టరు ఎప్పటి నుంచి, కోత మిషన్ ఏ ఏడాది నుంచి. మిషన్ ఓనర్లు ఇచ్చిన చిట్టీలు, దుక్కి దున్నిన ట్రాక్టరు డ్రైవర్లు ఇక్కడ మీ సాక్షులు.

భూమి చేతులు మారితే ఏమవుతుందని చాలామంది భయపడతారు. దారి హక్కు మనిషికి అంటిపెట్టుకుని ఉండదు, భూమికి ఉంటుంది. మీ భూమి కొన్నవాళ్లకు ఆ హక్కు దక్కుతుంది, పక్క భూమి కొన్నవాళ్లకు బాధ్యత వస్తుంది. "నేను కొన్నప్పుడు నా పాస్‌బుక్కులో బాట లేదు" అని హైదరాబాద్ నుంచి వచ్చినాయన అన్నంత మాత్రాన మీ హక్కు పోదు. పాస్‌బుక్కులో విస్తీర్ణం ఉంటుంది గానీ దారి హక్కుల కాలమ్ ఉండదు.

మూడు గడువులు

ఇవి కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

మూడు నెలలు. మేజిస్ట్రేట్ దగ్గరికి పోవాలంటే, ఏడాది పొడవునా వాడే బాటైతే ఫిర్యాదు అందడానికి ముందరి మూడు నెలల్లో మీరు దాన్ని వాడి ఉండాలి. సీజన్లో మాత్రమే వాడే బాటైతే కిందటి సీజన్లో వాడి ఉండాలి. "పెద్దమనుషులు చూస్తామన్నరు" అని ఆరు నెలలు ఆగితే ఈ తలుపు మూసుకుంటుంది.

ఒక ఏడాది. అడ్డం పెట్టారని తెలిసి, దానికి తలొగ్గి ఏడాది ఊరుకుంటే, మీ వాడకం తెగిపోయినట్టు చట్టం లెక్కిస్తుంది. అందుకే ఆ మొదటి వారం దరఖాస్తు. మీరు ఊరుకోలేదనడానికి అదే రుజువు.

రెండేండ్లు. ఇరవై ఏండ్ల వాడకం మీద దావా వేస్తే, ఆ ఇరవై ఏండ్లు దావాకు ముందరి రెండేండ్ల లోపు ముగిసి ఉండాలి. బాట మూసిన రెండేండ్లు దాటాక వస్తే, అరవై ఏండ్లు నడిచిన బాట అయినా ఈ దారిలో నిలబెట్టడం కష్టం.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

అన్నిటికంటే ముందు గ్రామ నక్షా, మీ సర్వే నెంబరు టిప్పన్ (కొలతలు రాసిన స్కెచ్), పక్క సర్వే నెంబరు టిప్పన్. జిల్లా సర్వే, ల్యాండ్ రికార్డ్స్ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఆఫీసులో ధ్రువీకరించిన నకళ్లు అడగండి. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలయ్యాక రికార్డులు కొన్ని కొత్త జిల్లాలకు పోయాయి, కొన్ని ఇంకా పాత చోటే ఉన్నాయి. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మండలాల వాళ్లవి అప్పట్లో కరీంనగర్ జిల్లా కాబట్టి, ఇక్కడ లేవంటే అక్కడ కూడా అడగండి. లేవు అని నోటితో చెబితే వెనక్కి రాకండి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి.

సేత్వార్ (సర్వే అయ్యాక రాసిన మొదటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు), ఆ తర్వాతి పహాణీలు తహసీల్ ఆఫీసులో. పాత సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి, చదివించుకోవడానికి మనిషిని వెతుక్కోవాలి. పహాణీలో పోట్‌ఖరాబ్ అని సాగుకు పనికిరాని కొన్ని గుంటలు తీసేసి చూపిస్తే, అది ఏం భూమో చూడండి. కొన్నిసార్లు అది బాట కిందిదే అవుతుంది.

ఇక్కడ చాలామంది వదిలేసే కాగితం ఒకటుంది: పక్కాయన దస్తావేజు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీసి, ఆ భూమి మీద పాత అమ్మకాలన్నిటి నకళ్లు తెప్పించండి. ఆయనకు అమ్మినాయనో, అంతకుముందు అమ్మినాయనో హద్దుల్లో "తూర్పు: బండ్ల బాట" అని రాసి ఉంటే, మీ పది మంది సాక్షులకంటే ఆ ఒక్క ముక్క బలం. బాట లేదని ఆయన చెప్పడానికి ఆయన కాగితమే అడ్డమొస్తుంది. చుట్టుపక్కల ఇతర దస్తావేజుల హద్దులు కూడా చూడండి.

గూగుల్ ఎర్త్ కంప్యూటర్ ప్రోగ్రాంలో వెనకటి సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. ఎండాకాలం తీసిన చిత్రాల్లో చెలకల నడుమ బండ్ల బాట తెల్లని గీతలా కనబడుతుంది. సంవత్సరం కనిపించేలా ప్రింటు తీయించి పెట్టుకోండి.

పెద్దమనుషుల ముందు కూర్చునేటప్పుడు

పంచాయితీకి పోవద్దని నేను అనను. పక్కాయనతో బతకాల్సింది మీరు, కోర్టు కాదు. సగం తగువులు చింత చెట్టు కింద తేలేవే. కానీ అక్కడ రాసే కాగితంలో మాట మాట చూసుకోవాలి. మా ఇంటి సంగతి ఇక్కడే చెప్పాలి.

మా తాత కాలం నుంచి పక్క చెలకలోంచి మా బండి పోయేది. మా నాయన కాలానికి ఆ చెలక చేతులు మారింది, కొత్తగా వచ్చినాయన రాళ్లు అడ్డం పెట్టాడు. పెద్దమనుషులు కూర్చోబెట్టారు, ఆయన మెత్తబడ్డాడు, అందరూ సంతోషపడ్డారు. తెల్ల కాగితం మీద రాశారు: "ఫలానా వారు పెద్ద మనసుతో దయతలచి, ఇకముందు కూడా బాట ఇచ్చుటకు ఒప్పుకొన్నారు." మా నాయన సంతకం పెట్టి, ఆయనకు చేతులు జోడించి ఇంటికొచ్చాడు. ఏండ్లు గడిచాక ఆయన కొడుకు బాట మూసి, కోర్టులో ఆ కాగితమే తెచ్చి పెట్టాడు. దయతలచి ఇచ్చింది దయ ఉన్నంతవరకే, ఇది అనుమతి, హక్కు కాదన్నాడు. తాత కాలం నాటి నడక గురించి మేము ఎంత చెప్పినా, మా నాయన సంతకమే మా నోరు మూసింది. ఆ చెలక మేము అయినకాడికి అమ్ముకున్నాం. కొన్నది ఆ పక్కాయనే.

అందుకే పంచాయితీ కాగితంలో "ఇచ్చినారు", "అనుమతించినారు", "దయతో" అన్న మాటలు రానివ్వకండి. "పూర్వం నుంచి ఉన్న బాటను, ఉన్నది ఉన్నట్టుగా ఉభయులూ ఒప్పుకొన్నారు" అని రాయించండి. బాట కోసం ఏటా కొంత ధాన్యమో, డబ్బో ఇస్తానని కూడా రాయకండి, అది కిరాయి కిందకి పోతుంది. కొత్తగా హక్కు ఇస్తూ కాగితం రాసుకుంటే అది రిజిస్ట్రేషన్ కావాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయల పైబడిన స్థిరాస్తి హక్కును సాదా కాగితం మీద సృష్టిస్తే కోర్టులో అది ఆ హక్కుకు రుజువుగా నిలవదు.

తహసీల్దారు, ఆర్డీఓ

తహసీల్దారుకు సివిల్ కోర్టులాగా మీ హక్కు తేల్చే అధికారం లేదు. కానీ రెండు పనులు చేయగలరు. నక్షా బాట అయితే సర్వేయరును పంపి కొలిపించి, ఆక్రమణ తీయించగలరు. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్లో ప్రజావాణికి పోయి నక్షా నకలు, ఫొటోలు జతచేసి ఇవ్వండి. రెండోది, గొడవ ముదిరి కొట్లాటకు దారితీసేలా ఉంటే, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో తహసీల్దారు గానీ ఆర్డీఓ గానీ బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 166 కింద ఇరు పక్షాలను పిలిచి విని, బాట వాడకానికి అడ్డం పెట్టొద్దని, అవసరమైతే ఉన్న అడ్డం తీసేయమని ఉత్తర్వు ఇవ్వగలరు. 2024 జులైకి ముందు ఇదే పాత చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 147. పైన చెప్పిన మూడు నెలల గడువు ఇక్కడిదే. దరఖాస్తులో "చివరిసారి ఫలానా తేదీన ట్రాక్టరుతో పోయాను" అని తేదీ రాయండి.

కోర్టుకు పోతే

జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ (బాటకు అడ్డం పెట్టొద్దనే కోర్టు ఉత్తర్వు) దావా, దాంతోపాటే కేసు తేలేదాకా తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్. కడీలు ఇప్పటికే పాతి ఉంటే వాటిని తీయించమని కూడా అడగాలి, అడగకపోతే కోర్టు తనంత తాను ఇవ్వదు. దావాలో బాటను కొలతలతో చూపించండి: ఏ సర్వే నెంబరులో, ఏ గెట్టు వెంట, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత వెడల్పు. స్కెచ్ జత చేయండి. "పక్క పొలంలోంచి దారి" అని ఊరికే రాసిన దావాలు నిలబడవు. ఏ రకం హక్కో కూడా తేటగా రాయాలి. ఇరవై ఏండ్ల వాడకమా, పంపకాల్లో వచ్చిందా? రెండూ నిజమైతే రెండూ విడివిడిగా రాయించండి, కానీ "ఆ నేల నాదే" అన్నది మాత్రం వాటితో కలపొద్దు.

దావా వేసిన రోజే అడ్వొకేట్ కమిషనర్‌ను పంపమని పిటిషన్ వేయమని మీ వకీలును అడగండి. కమిషనర్ వచ్చిన రోజు మీరు దగ్గరుండి ప్రతి గుర్తూ చూపించాలి. ఆ రిపోర్టులో రాని సంగతి తర్వాత ఎంత అరిచినా వినబడదు.

తహసీల్దారునో, ప్రభుత్వాన్నో ప్రతివాదిగా పెట్టాల్సి వస్తే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతి తీసుకుని నోటీసు లేకుండానే వేయొచ్చు. వకీలు ఫీజు భారమనుకునేవాళ్లు కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

హక్కు లేదని తేలితే

కొనండి, లేదా మార్చుకోండి. బాట నేలకు ఎంత పోతుందో లెక్క కట్టి పక్కాయన దగ్గరికి పోతే మాట సులువుగా కుదురుతుంది. 12 అడుగుల వెడల్పు, 363 అడుగుల పొడవు బాట అంటే సరిగ్గా నాలుగు గుంటలు. మీ గెట్టు పక్కన ఆయనకు కలిసొచ్చే నాలుగు గుంటలు మీ దగ్గర ఉంటే, డబ్బు మాట లేకుండా మార్పిడితో అయిపోతుంది. వెడల్పు ఒప్పుకునే ముందు మీ ఊరికి వచ్చే కోత మిషన్ ముందు భాగాన్ని టేపుతో కొలవండి, మలుపు దగ్గర ఇంకొంచెం ఎక్కువ కావాలి.

ఇప్పుడు భూమి పంచుకోబోతున్న అన్నదమ్ములకు ఒక్క మాట. రోడ్డుకు అడ్డంగా ముందు ముక్క, వెనక ముక్క అని కోయకండి. నిలువుగా పట్టీలు చేసి ప్రతి పట్టీ రోడ్డును తాకేలా పంచుకోండి. కుదరకపోతే బాటకు గుంటలు ఉమ్మడిగా వదిలి, పంపకం దస్తావేజులోనే కొలతలతో రాసుకోండి.

కొత్తగా భూమి కొనేవాళ్లు వానకాలంలో ఒకసారి ఆ భూమి దాకా నడిచి పోయి రండి. ఎవరి పొలంలోంచి నడిచారో వాళ్లను పలకరించి, ఈ బాట ఎప్పటి నుంచి ఉందని అడగండి. అమ్మేవాళ్లు చూపించే ఎండాకాలపు బాట ఎవరి చెలకైనా కావచ్చు.

రాజీ కుదిరితే ఈ మాటలతో రాయించండి

దావా నడుస్తుండగా గానీ, దావా వేయకముందే గానీ రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో పెట్టండి. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. రేపు మళ్లీ అడ్డం పెడితే కొత్త దావా వేయకుండా నేరుగా అమలు పిటిషన్ వేసుకోవచ్చు. రాతలో ఈ సంగతులన్నీ ఉండాలి:

"సర్వే నెంబరు ఫలానా భూమిలో తూర్పు గెట్టు వెంట, ఉత్తరాన పంచాయతీ రోడ్డు నుంచి దక్షిణాన సర్వే నెంబరు ఫలానా గెట్టు దాకా, 12 అడుగుల వెడల్పుతో, జతపరిచిన స్కెచ్‌లో ఎర్ర రంగులో చూపిన బాట పూర్వం నుంచి ఉన్నదని ఉభయులూ ఒప్పుకొన్నారు. ఈ బాట మీద మనుషులు, పశువులు, ఎడ్ల బండ్లు, ట్రాక్టరు ట్రాలీలు, కోత మిషన్లు ఏడాది పొడవునా రాకపోకలు చేయు హక్కు రెండవ పక్షమునకు, వారి వారసులకు, వారి నుంచి భూమి కొన్నవారికి ఉన్నది. మొదటి పక్షము, వారి వారసులు, వారి నుంచి కొన్నవారు ఈ బాటను దున్నుట గానీ, కంచె వేయుట గానీ చేయరాదు. బాట మరమ్మతు ఖర్చు రెండవ పక్షము భరించవలెను."

నకళ్లు రెండు తీయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి తహసీల్ ఆఫీసులో మీ సర్వే నెంబరు ఫైలుకు జత చేయమని దరఖాస్తుతో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ వారంలోనే సర్వేయరును పిలిపించి, ఇద్దరూ ఎదురుగా ఉండగా బాట రెండు వైపులా హద్దురాళ్లు పాతించండి. రాళ్ల పక్కన ఇద్దరూ నిలబడి ఉన్న ఫొటో ఒకటి అదే ఫైల్లో పెట్టండి.